జైలమ్మ చేతులు

మా షాపులో గల్లాపెట్టె పైన గోడకి ఒక మేకుంది. దానికి ఒకే ఒక్క ఆకుపచ్చ గాజు వేలాడుతూ ఉంటుంది. అద్దాల వెనక రాళ్ళ గాజులు, పెళ్ళికూతురి సెట్లు అన్నీ తళతళలాడుతున్నా వచ్చిన ఆడవాళ్ళ కన్ను ఎందుకో ఆ ఒంటి గాజు మీదే పడుతుంది. మొన్న ఒక పెళ్ళిపిల్ల అయితే "దీనికి జత లేదా ఆంటీ, రంగు భలే ఉంది" అని పట్టుబట్టింది. అమ్మేది కాదమ్మా అన్నాను. "మరి ఎందుకు పెట్టారు?" అంది. అడిగింది కాబట్టి చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల గాజుల సంగతి మరిచిపోయి స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. వాళ్ళమ్మ ఫోన్ చేసి కేకలేస్తే గానీ లేవలేదు. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, హడావిడిలో చెప్పకుండా వదిలేసినవి కూడా కలిపి.

మా వీధి మొత్తం ఆమెని జైలమ్మ అనేది. శుభ్రమైన పేరొకటి ఆమెకీ ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఇంకెవర్నో అనుకుని పక్కకి చూసేది. జైల్లో ఆడవాళ్ళ వార్డుకి వార్డరు. ఒంగోలులో మా సందు మొదట్లో కూతురు సుధతో అద్దెకుండేది. డ్యూటీకి మా షాపు ముందునుంచే నడిచి వెళ్ళాలి. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, నల్ల బూట్లు, గట్టిగా బిగించిన ముడి. ఆ నడక చూస్తే ఎవరి మీదకో దండెత్తి పోతున్నట్టుండేది. దగ్గరికొచ్చాక మాత్రం "బూబమ్మా, టీ తాగావా?" అని నవ్వేది. గాజుల బూబమ్మని నేనే. మా ఆయన పోయినప్పటినుంచీ ఈ షాపు నేనే నడుపుతున్నాను.

నేను మనుషుల్ని మొహాలతో గుర్తుపెట్టుకోను, చేతులతో గుర్తుపెట్టుకుంటాను. వృత్తి అలాంటిది. జైలమ్మవి కష్టం చేసిన చేతులు. వేళ్ళ కణుపులు లావు, అరచెయ్యి గట్టి, మణికట్లు బోసి. ఆ చేతులకి ఒక వింత అలవాటుండేది. ఎవరినైనా ముట్టుకోవాలంటే అరచేత్తో ముట్టుకునేది కాదు, చెయ్యి తిరగేసి వెనకవైపుతో తాకేది. పక్కింటి చంటిపిల్లని ముద్దు చేసినా అంతే, జ్వరమొచ్చిన సుధ బుగ్గ నిమిరినా అంతే. అది పోలీసు తీరని మా వీధిలో కొందరు అనుకునేవాళ్ళు.

ఒకసారి నేనే అడిగేశాను.

"అదా, మిరపకాయల అలవాటు" అంది.

సుధ కడుపులో ఉండగా ఆమె మొగుడు పని వెతుక్కుంటానని ఊరు దాటి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆమె గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు ఒలిచే కూలికి కుదిరింది. రోజంతా ఎర్రటి గుట్టల ముందు కూర్చుని ఒలవడం. ఆ పని చేసిన చేతులు మజ్జిగలో ముంచినా, నూనె పట్టించినా చల్లబడవు. గోళ్ళ సందుల్లో ఘాటు కూర్చునే ఉంటుంది. ఆ వేళ్ళతో చంటిపిల్ల కన్ను తుడిస్తే ఇంకేముంది!

"అందుకని మోచేతుల మీద ఎత్తుకునేదాన్ని బూబమ్మా. చెయ్యి వెనకవైపుతో నిమిరేదాన్ని. ఏడిస్తే చీర చెంగుతో తుడిచేదాన్ని. టెన్త్ పాసయ్యాను కాబట్టి ఈ ఉద్యోగానికి కట్టాను, పరిగెత్తమంటే పరిగెత్తాను, వచ్చింది. చేతులు చల్లబడ్డాయి గానీ అలవాటు మాత్రం పోలా."

తన కోరిక కూడా ఆ రోజే చెప్పింది. కోరికలు ఏకరువు పెట్టే మనిషి కాదు, ఉన్నది ఒక్కటే. "నాకు సీమంతం జరగలా. గాజులు నిండాల్సిన నెలలో నా చేతులు మిరపకాయల్లో ఉన్నాయి. నా సుధ కడుపు పండిన రోజున మొదటి గాజు నేనే తొడగాలి. ఇంకెవరూ కాదు." ఆ మాట అంటూ తన బోసి మణికట్టు వైపు చూసుకుంది. మా ఊళ్ళో ఆ మొదటి గాజు ఎవరిచేత తొడిగిస్తారో, ఎవరిని దూరంగా ఉంచుతారో నాకు తెలుసు.

ఆ బోసి మణికట్ల సంగతి ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే మా వీధి పప్పులో కాలేసింది అక్కడే. జైలు లోపల గాజు ముక్క కూడా కత్తి కిందే లెక్క. ఖైదీలకీ కుదరదు, వాళ్ళ మధ్య తిరిగే వార్డరుకీ కుదరదు. ఆమె డ్యూటీకి పగలూ రాత్రీ వేళాపాళా ఉండదు. వేసుకోవడం, తీయడం, పగలడం ఎందుకని గాజులే మానేసింది. అసలు సంగతి అంతే. కానీ మొగుడు కనపడడు, చేతికి గాజుల్లేవు, వీధికి ఇంకేం కావాలి? ఆయన పోయాడని తేల్చేసింది. "బొట్టు పెట్టుకుంటుందిగా" అని ఎవరో అంటే "ఈ రోజుల్లో పెట్టుకోనిదెవరు" అని కొట్టిపారేశారు.

పెళ్ళి పిలుపులకి వచ్చినవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చి, ఆమె గుమ్మం దగ్గర భరిణె మూతపెట్టేవాళ్ళు. "భోజనానికి తప్పకుండా రండి" అనేవాళ్ళు. ఆమె తప్పకుండా వెళ్ళేది, సుష్టుగా భోంచేసి వచ్చేది. నాకే ఒళ్ళు మండేది.

"చెప్పొచ్చు కదమ్మా, గాజులు డ్యూటీ వల్ల వేసుకోవట్లేదని?"

"అడిగితే చెప్తా. అడక్కుండా తేల్చేసినవాళ్ళకి సంజాయిషీ ఎందుకు?"

"అసలు ఆయన ఉన్నాడంటావా?"

"ఉండే ఉంటాడు. దొంగల్ని వెతకడానికి పోలీసులున్నారు. మొగుళ్ళని వెతికే శాఖ గవర్నమెంటు ఇంకా పెట్టలా" అని పకపకా నవ్వింది.

నా సంగతి చూడండి. నా మొగుడు నిజంగానే పోయాడు. అయినా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ గాజులు తొడిగేది నేనే. నా చెయ్యి ఎవరికీ అడ్డం రాలేదు. అమ్మేదాన్ని కాబట్టి సరిపోయింది. ప్రేమతో తొడిగేవాళ్ళనే లెక్కలు అడుగుతారు కాబోలు.

జైలు బుద్ధులు ఆమె వెంట ఇంటికి కూడా వచ్చేవి. లోపల రోజూ ఊచలన్నీ తట్టి చూడాలట, ఎవరైనా కోశారేమోనని. చప్పుడులో తేడా వస్తే తెలిసిపోతుందట. ఆ అలవాటు కొద్దీ ఎవరింటికి వెళ్ళినా మాట్లాడుతూ మాట్లాడుతూ తాళంచెవితో కిటికీ ఊచల్ని టంగు టంగుమని తట్టేది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నేను టీ పెట్టి తెచ్చేలోపు ముందు గది, వెనక గది తనిఖీ అయిపోయాయి. "గట్టిగానే ఉన్నాయి బూబమ్మా, పారిపోలేవు" అంది. తన ఇంటికి మాత్రం తాళం వేసేది కాదు. సుధ గదికి గడియ కూడా తీయించేసింది. "పొద్దస్తమానం తాళాలే, ఇంట్లో కూడానా" అనేది. దొంగలొస్తారమ్మా అంటే, "రానీ. వచ్చినవాడు ఎటు తిరిగీ మా దగ్గరికే రావాలిగా" అనేది.

ఇక పోలమ్మ సంగతి. వాడరేవులో చేపలు ఎండబెట్టే చోటు కోసం రెండు కుటుంబాలు కొట్టుకున్నాయి. తలలు పగిలాయి, ఇంటిల్లిపాది మీదా కేసు పడింది. కడుపుతో ఉన్న పోలమ్మ కూడా లోపలికి వచ్చింది. బెయిలు ఆలస్యమైంది. ఏడో నెల వచ్చేసరికి ఆ పిల్ల పళ్ళెం ముట్టడం మానేసింది. ఎవరు ఏ తప్పు చేసి వచ్చారన్నది జైలమ్మ ఎప్పుడూ అడిగేది కాదు. "నేరం సంగతి కోర్టు చూసుకుంటుంది, అన్నం సంగతి నేను చూసుకుంటా" అనేది. పళ్ళెం పట్టుకుని పోలమ్మ పక్కన చతికిలబడింది.

"ఏందే నీ గోల?"

"మా వాడలో గాజులు తొడక్కుండా ఏ ఆడదీ కనలేదమ్మా. కడుపులో బిడ్డ గాజుల చప్పుడు ఇనాల. నా బిడ్డకి ఈడ తాళాల చప్పుడు తప్ప ఏం ఇనపడతంది?"

డ్యూటీ దిగి జైలమ్మ నేరుగా నా షాపుకొచ్చింది. "బూబమ్మా, పగలని గాజు కావాలి. విరిగినా గుచ్చుకోకూడదు" అంది. నేను ప్లాస్టిక్ గాజులు తీసి వాటికి పట్టుదారం చుట్టాను, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు. ఏ పెళ్ళికూతురికీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. జైలరుగారు నియమాల మనిషే గానీ ఆయనకీ కూతుళ్ళున్నారు. ఒక్కో గాజునీ వంచి, దారం కింద గిల్లి చూసి, ఉంచుకోనివ్వండి అన్నారట.

ఆ తర్వాత జరిగింది జైలమ్మ నాకు ఒకలా చెప్పింది, పోలమ్మ ఇంకోలా చెప్పింది. ఇద్దరూ నవ్వుతూనే చెప్పారు. వంటశాల నుంచి పసుపు, బెల్లం వచ్చాయి. పోలమ్మని గోడవారగా కూర్చోబెట్టారు. అంతలో ఒక ముసలామె "ముత్తైదువులు ముందు రావాలమ్మా" అంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె మొగుడు పోయాడు. ఒకామె మొగుణ్ణి ఆమే పైకి పంపించిందని కేసు. ఇంకొకామె మొగుడు గోడకి అవతల మగవాళ్ళ వార్డులో ఉన్నాడు. మిగతావాళ్ళ మొగుళ్ళు చూడటానికి రావడం ఎప్పుడో మానేశారు. జైలమ్మ గద్దించింది. "ఇక్కడ ఆ లెక్క తీస్తే లాకప్ టైము దాటిపోద్ది. అందరూ తొడగండి!"

అందరూ తొడిగారు. ఎవరికో పాట వస్తే పాడింది. తీరా చూస్తే పోలమ్మ మొహం మళ్ళీ వాడిపోయింది. చేతులు ఊపి చూసుకుంది. దారం చుట్టిన గాజులకి చప్పుడెక్కడిది?

అప్పుడు జైలమ్మ నడుముకి ఉన్న తాళాలగుత్తి తీసింది. పోలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గుత్తిని ఆమె కడుపు దగ్గరికి తెచ్చి మెల్లగా గలగలలాడించింది. "వినవే తల్లీ. గాజులు మీ అమ్మవి, చప్పుడు నాది" అంది. జైలుకొచ్చాక పోలమ్మ నవ్వడం అదే మొదలు. ఆ పూట పీకలదాకా తిన్నానని నాకు స్వయంగా చెప్పింది.

గవర్నమెంటు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. గంగ అని పేరు పెట్టారు. బెయిలొచ్చి బిడ్డతో బయటికి వెళ్ళేరోజున గేటు దగ్గర పోలమ్మ అలవాటు కొద్దీ "ఎళ్ళొస్తానమ్మా" అంది. జైలమ్మ కళ్ళెర్రజేసింది. "మళ్ళీ ఎందుకొస్తావే? పోతున్నానని చెప్పి పో!"

తర్వాత ఆ కేసు కూడా కొట్టేశారు. పోలమ్మ ఒంగోలు మార్కెట్టుకి ఎండుచేపలు తెచ్చినప్పుడల్లా గంగని వెంటబెట్టుకుని నా షాపుకొచ్చేది. గంగ కోసం నేను షట్టరు తాళాలు మోగిస్తే ఎంత ఏడుపులో ఉన్నా ఆ పిల్ల టక్కున ఆపేసేది. పోలమ్మ రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది, జైలమ్మ వెళ్తుందేమోనని. జైలమ్మ వెళ్ళేది కూడా, కానీ తల తిప్పేది కాదు. విడుదలైన మనిషి బజార్లో ఎదురైతే ముక్కూమొహం తెలియనట్టే నడిచిపోయేది.

"రాయి గుండెనా నీది?" అని ఒకసారి దెబ్బలాడాను.

"నేను పలకరిస్తే పక్కనున్నవాళ్ళు ఈమె నీకెట్టా తెలుసని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడం వాళ్ళకి మళ్ళీ జైలే బూబమ్మా" అంది.

సుధ చదువుకుంది, మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగంలో చేరింది, అక్కడే మగ్గాలు నేసే ఇంటి అబ్బాయిని ఇష్టపడింది. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో దండలతో అయిపోయింది కాబట్టి ఏ తంటా రాలేదు. ఆ వెలితి తీర్చుకోవాలని వియ్యపురాలు, సీమంతమైనా పద్ధతి ప్రకారం జరగాలని పట్టుబట్టింది. మంచి మనిషే. కోడలికి తన చేత్తో ఏరిన ఆకుపచ్చ మంగళగిరి చీర తెచ్చింది. కాకపోతే ఆచారం అంటే ఆచారమే.

మా సందులో షామియానా వేశారు. వీధి ఆడవాళ్ళందరూ వచ్చారు. నేను గాజుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. సుధ సైజు గాజులు పళ్ళెంలో సర్దాను. ఎవరూ అడగకపోయినా ఇంకో సైజువి డజను ఆకుపచ్చవి, పైన కొసరు ఒకటి, గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. డజనుకి పైన ఒక కొసరు గాజు వెయ్యడం మా షాపు ఆనవాయితీ. జైలమ్మ పట్టుచీర కట్టుకుంది. ఖాకీ అలవాటైన మనిషికి ఆ చీరలో ఊపిరాడటం లేదు. చెయ్యి ఊరికే నడుం దగ్గరికి పోతోంది, తాళాలగుత్తి కోసం. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన గాజు పళ్ళెంలోనే ఉంది. ఒకటి చేతిలోకి తీసుకుని కూతురి ముందుకి వంగింది.

"వదినగారూ, ఏమనుకోకండి" అంది వియ్యపురాలు, ఎంతో మర్యాదగా. "మొదటి గాజు నిండు ముత్తైదువు తొడిగితే బిడ్డకి మంచిది. మీరు తర్వాత అక్షింతలు వేద్దురుగాని."

సుధ లేవబోయింది. "అత్తయ్యా, మా అమ్మే..." అనేలోపు జైలమ్మ చెయ్యి ఎత్తి వారించింది. "అట్టాగే వదినగారూ" అని గాజు పళ్ళెంలో పెట్టేసి, వెళ్ళి షామియానా గుంజ పక్కన నిలబడింది. చేతులు రెండూ పైట కింద దాచుకుంది. గొడవలు పడే వార్డులో ఒక్క అడుగు వెనక్కి వెయ్యని మనిషి, కూతురి ముందు తలొంచుకుని నిలబడింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

వియ్యపురాలు చుట్టూ కలయజూసింది. రెండో వరసలో ఒకామె కూర్చుని ఉంది. మొహమంతా పసుపు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, మోచేతుల దాకా గాజులు. "మీరు రండమ్మా. మిమ్మల్ని చూస్తుంటేనే లక్ష్మీకళ" అని చెయ్యి పట్టి లేపింది.

ఆమె పోలమ్మ. సీమంతం సంగతి నేనే చెప్పాను, పిలుపు లేకుండానే గంగని తీసుకుని వచ్చేసింది. జైలమ్మ ఆమెని అప్పుడే చూసింది. చూసి, ఎప్పటిలాగే, ఎవరో తెలియనట్టు మొహం తిప్పుకుంది.

పోలమ్మ పళ్ళెంలోంచి గాజు తీసుకుంది. సుధ వైపు వెళ్ళలేదు. తిన్నగా గుంజ దగ్గరికి నడిచింది.

"చెయ్యి ఇయ్యమ్మా."

"నువ్వెవరమ్మా?" అంది జైలమ్మ నెమ్మదిగా. "అమ్మాయి అక్కడ కూర్చుంది."

పోలమ్మ గట్టిగా నవ్వింది. సముద్రం ఒడ్డు గొంతు అది, సందు చివరిదాకా వినపడింది. "చూశారా, నేనెవరో తెలవనట్టు అడగతంది! నా పరువు కాపాడతంది. నా పరువు సంగతి నేను చూసుకుంటాలే అమ్మా. ఇనండి, అందరూ ఇనండి. నేను జైల్లో ఉన్నా. కడుపుతో ఉన్నా. నాకు సీమంతం చేసింది ఈమె. ఇదిగో, ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు దీనికి చప్పుడు ఇనిపించింది ఈ చెయ్యి." గంగని ముందుకి లాగింది. తర్వాత వియ్యపురాలి వైపు తిరిగింది. "ముత్తైదువని నన్ను మీరే పిలిచారు గదా? అయితే మొదటి గాజు నా ఇష్టం. నేను ఈ చేతికే తొడుగుతా. ఆ తర్వాత ఈ చెయ్యి ఆ పిల్లకి తొడుగుద్ది."

జైలమ్మ ఇంక చెయ్యి దాచుకోలేకపోయింది. పోలమ్మ పట్టుకున్న గాజు సుధ సైజుది. కణుపుల దగ్గర బిగుసుకుపోయింది. అది పగిలిందా, ఇంక ఆ శకునం గురించి మా వీధి తరతరాలు చెప్పుకుంటుంది. "ఆగు పోలమ్మా" అని నేను లేచాను. ఒళ్ళోంచి గుడ్డమూట విప్పాను. ఏనాడూ ఆ చేతికి కొలత తీసుకోలేదు, కానీ షాపు ముందునుంచి వెళ్ళే ఆ చెయ్యిని చూడని రోజు లేదు. ఆకుపచ్చ గాజు పోలమ్మ చేతికిచ్చి, జైలమ్మ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, సబ్బునీళ్ళు రాసి, బొటనవేలి మొదలు లోపలికి నొక్కాను. పోలమ్మ తోసింది. గాజు కణుపులు దాటి మణికట్టు మీద కూర్చుంది. చిన్న పగులు కూడా పడలేదు. నా వృత్తిలో నేను గర్వపడిన గాజు అదొక్కటే. డజనులో మిగతావి కూడా తొడిగేశాం.

వీధి ఆడవాళ్ళలో ఒకామె ఉండబట్టలేక అడిగింది. "అదేంటమ్మా, మీ ఆయన పోయారు కదా?"

"ఎవరు చెప్పారండీ?" అంది జైలమ్మ.

నిజమే, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. "డ్యూటీలో గాజులు వేసుకోకూడదండీ, అంతే. ఇన్నాళ్ళూ మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అంది. నేను నవ్వాపుకోవడానికి గాజుల పెట్టెలో తల దూర్చాల్సి వచ్చింది.

వియ్యపురాలు ముందుకొచ్చింది. తర్వాత పళ్ళెంలోంచి కుంకుమ భరిణె తీసి, మూత తెరిచి, జైలమ్మ నుదుట బొట్టు పెట్టింది. "రండి వదినగారూ. పిల్ల ఎదురుచూస్తోంది" అంది.

జైలమ్మ కూతురి ముందు కూర్చుంది. మొదటి గాజు తొడిగింది. తర్వాత రెండు చేతులూ సుధ కడుపు దగ్గరికి తెచ్చి గలగలలాడించింది. "ఈసారి తాళాలు అక్కర్లేదులే" అంది. అది విని పోలమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. సుధ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జైలమ్మ చెయ్యి చాపి ఆ కన్నీళ్ళు తుడిచింది, అరచేత్తో, వేళ్ళతో. ఆ వేళ్ళు కూతురి కళ్ళని తాకడం నేను అదే మొదటిసారి చూశాను. తను ఏం చేసిందో ఆమెకే తెలియలేదనుకుంటాను.

మర్నాడు పొద్దున్నే ఖాకీలో నా షాపు ముందు నిలబడింది. "తీసెయ్ బూబమ్మా, డ్యూటీ. ఒక్కటి పగిలినా నిన్ను లోపలేయిస్తా." డజనూ జాగ్రత్తగా తీసి, కొసరు గాజుతో కలిపి మేకుకి తగిలించాను. అప్పటినుంచీ సెలవు రోజున రావడం, చెయ్యి చాపడం, తొడిగించుకుని మనవరాలిని చూడటానికి మంగళగిరి బస్సెక్కడం. తిరిగొచ్చి డ్యూటీకి పోతూ మళ్ళీ మేకుకి. వీధిలో ఏ పిలుపులకి వచ్చినా భరిణె మొదట తెరుచుకునేది ఆమె గుమ్మం దగ్గరే. ఆమె ఎప్పటిలాగే వెళ్ళి, సుష్టుగా భోంచేసి వచ్చేది.

రిటైరవడానికి కొద్ది నెలలుందనగా, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచిన రోజుల్లో, డ్యూటీ నుంచి వచ్చి పడుకుని మరి లేవలేదు. తలుపులు ఎప్పటిలాగే తెరిచే ఉన్నాయి. నేను షాపుకి వెళ్ళి ఆ మేకు వైపు చూస్తూ కూర్చుండిపోయాను. గాజులు తీసుకెళ్ళాలా, వద్దా? ఊరు మళ్ళీ పాత లెక్కలు తీస్తుందేమోనని భయం.

అంతలో షాపు ముందు కారాగింది. మంగళగిరి వియ్యపురాలు దిగింది. ఇంటికి కూడా పోకుండా నేరుగా నా దగ్గరికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"బూబమ్మగారూ, మా వదినగారి గాజులు ఇవ్వండి. ఆమెని బోసి చేతులతో పంపను. కాదనేవాళ్ళెవరైనా ఉంటే ముందు నాతో మాట్లాడాలి."

కాదనడానికి ఎవరూ లేరు. ఆమె చేతికి చివరిసారి కూడా నేనే తొడిగాను. ఒక్కటీ పగల్లేదు. వీధి ఆడవాళ్ళు వరసగా వచ్చి బొట్టు పెట్టారు. పోలమ్మ, గంగ వచ్చారు. ఊళ్ళో ఎవరూ ఎరగని ఆడవాళ్ళు ఇంకా చాలామంది ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆ చేతుల మీద తల ఆనించి ఏడ్చారు. మీరెవరమ్మా అని మా వీధిలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఎవరినైనా ఇంత గొప్పగా సాగనంపడం మా సందులో నేను చూడలేదు. ఏడుస్తూనే గర్వంతో నా ఛాతీ పొంగింది. డజను గాజులూ ఆమెతో పంపాను, కొసరు మాత్రం నేను ఉంచుకున్నాను.

పెళ్ళిపిల్లకి చెప్పిన కథ ఇదే. నిన్న సాయంత్రం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది, ఈసారి వాళ్ళమ్మని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ. ఫోన్లో అన్ని కేకలేసిన మనిషి షాపు గడప దగ్గరే ఆగిపోయింది. బోసి చేతులు రెండూ పైట కింద దాచుకుంటోంది. నాకు ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"ఆంటీ, ముందు మా అమ్మ సైజు చూడండి" అంది పిల్ల.

నేను సబ్బునీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కున్నాను.